మూఢానికి ముందు పోసిన మట్టి

నవంబరు 9, ఆదివారం

ఈ డైరీ కుమార్ ఇచ్చింది. నా బావమరిది. కరీంనగర్‌లో రోడ్ల కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్. కొత్త సంవత్సరానికి వాళ్ళ కంపెనీ పంచిన డైరీ తెచ్చి "రాసుకో బావ" అన్నాడు. ఏం రాసుకోవాలి, నేనేమైనా తహసీల్దారునా అని అటక మీద పడేశాను. ఇవాళ దించాను. నోటితో అంటే ఇంట్లో గొడవ, బయట గొడవ. కాగితానికి చెప్పుకుంటే ఎదురు మాట్లాడదు.

షెడ్డు గోడలు లేచాయి. రేకులు పడ్డాయి. లోపల నేల ఒక్కటే మిగిలింది. ఒకప్పుడు ఇటుక బట్టీవాళ్ళు మట్టి తోడుకున్న పల్లం ఇది. గోడల పునాదులు గట్టి నేల తగిలేదాకా తవ్వి కట్టాం కాబట్టి వాటికి భయం లేదు. మధ్యలో నడుము లోతు గుంత ఉంది. దాన్ని నింపి, పైన గచ్చు చేసి, సాంచాలు, అదే కరెంటు మగ్గాలు, బిగించాలి.

పెళ్ళికి ముందు నుంచీ, నూలిచ్చి బట్ట నేయించుకునే కొండల్ ఆసామి షెడ్డులో పరాయి సాంచాలు నడిపాను. ఇప్పుడు మావి నాలుగు. పాతవే, కానీ మావి. బిగించే మనిషి ముత్యం ఇంటి ముందు తాటిపత్రి కప్పుకుని ఉన్నాయి. వాటిని కొన్నరోజే నా భార్య బాలలక్ష్మి చెప్పేసింది: "రెండు నావి. ఇగ బీడీలు చెయ్య." ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టి ఆమె మెడ వంగిపోయింది. నాకు షెడ్డు కావాలి. ఆమెకు ఆ రెండు సాంచాలు కావాలి. ఈ ఇంట్లో ఇంకో కోరిక లేదు.

సాంచాలు డిసెంబరు మొదట్లో తిరిగితే, నేయడానికి నూలు చుట్టిన భీములు ఇస్తానన్నాడు కొండల్. లేకపోతే వేరేవాళ్ళకు ఇచ్చుకుంటాడు. ఆయనకేం, నాలాంటివాళ్ళు వీధికి పదిమంది.

నవంబరు 16, ఆదివారం

కుమార్ వచ్చాడు. చెప్పులు విప్పకుండానే గుంతలోకి దిగాడు. దిగి ఉపన్యాసం.

"బావ, మట్టి గుప్పున పొయ్యకు. మొరం తెప్పియ్యి. జానెడు మందం పరిచి, నీళ్ళు చల్లి, రోలర్ తొక్కియ్యాలె. గది గట్టిపడ్డంకనే ఇంకో జానెడు. గట్ల పైదాక రావాలె."

"రోలర్ ఏడికెల్లి తేవాలె?" అన్నాను.

"చిన్న రోలర్ మాది ఉన్నది. షటర్ పెట్టకముందే గా సందుల నుంచి లోపలికి వస్తది. ఇప్పుడు చొప్పదండి రోడ్డుమీద నడుస్తుంది. నెలాఖరుకు పంపిస్త."

నెలాఖరు. వీడికి రోడ్లే తెలుసు. రోడ్డు కాస్త కుంగితే బస్సు ఎగురుతుంది, జనం తిట్టుకుంటారు, అయిపోయింది. ఆసామి భీముల సంగతి వీడికి ఏం తెలుసు. బాలలక్ష్మి మాత్రం తమ్ముడి పక్కన నిలబడి, వాడు చెప్పే ప్రతి మాటకూ తల ఊపింది. నేను చెప్పినప్పుడు ఆ తల ఎప్పుడూ అలా ఊగలేదు.

నవంబరు 17

పంతులు దగ్గరికి వెళ్ళాను. పంచాంగం తిప్పి, కళ్ళజోడు పైకి తోసి అన్నాడు: "హనుమంతూ, ఇరవై ఆరు నుంచి మూఢం. సోమవారం ఇరవై నాలుగు మంచిగున్నది. గది దాటితే ఇగ శివరాత్రి ఎన్కనే."

శివరాత్రి వెనక అంటే మూడు నెలలు. అప్పటికి కొండల్ నా ముఖం కూడా మరిచిపోతాడు.

ఇంటికొచ్చి చెప్పాను. బాలలక్ష్మి బీడీ ఆకు కత్తిరిస్తూనే అంది: "సోమారం నాడు ఒక్క సాంచ తెచ్చి పెట్టి కొబ్బరికాయ కొట్టు. ఎన్కనుంచి పక్కకు జరిపి, రోలర్ వచ్చినంక తొక్కియ్యి."

పూజ చేసి నిలిపిన సాంచను మూఢంలో కదిలిస్తారా ఎవరైనా? మా బాపు మగ్గం గుంత దగ్గర కూడా చెప్పులతో నడవనిచ్చేవాడు కాదు. ఈ మనిషికి అన్నీ బీడీ చాటలే. ఇటు జరుపు, అటు జరుపు.

నవంబరు 18

గుట్ట దగ్గరి మొరం ట్రాక్టరు గురువారం దాకా రాదట. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, అందరికీ మూఢం లోపలే కావాలి. ఊరంతా ఒకేసారి మంచి రోజు మీద పడింది.

వెనక వీధిలో రాకేశ్ ఇంటి పునాది తవ్వుతున్నారు. నల్లరేగడి. ఎక్కడ పోయాలో తెలియక తంటాలు పడుతున్నాడు. "అన్నా, కావాలంటె మా ట్రాక్టరే తెచ్చి పోస్తది" అన్నాడు. దేవుడు ఒక తలుపు మూస్తే రాకేశ్ ఇంకోటి తీశాడు. సాయంత్రానికి గుంత సగం నిండింది. పైన మొరం పోస్తే లోపల ఏముందో ఎవడు చూస్తాడు.

బాలలక్ష్మి వచ్చి ఒక గడ్డ చేతిలోకి తీసుకుని నలిపింది. "రేగడి గద" అంది. అవును, రేగడే. మట్టి మట్టే.

నవంబరు 20

మొరం వచ్చింది. మొత్తం పోయించేశాను. తర్వాత ట్యాంకరు తెప్పించి నీళ్ళు పెట్టాను. రోలర్ చేసే పని నీళ్ళు కూడా చేస్తాయి. మట్టి తడిస్తే దానంతట అదే దిగుతుంది. ఇది నా తెలివి. పక్కింటి ముసలాయన కూడా చూసి తల ఊపాడు.

నవంబరు 21

ఆరడం లేదు.

నవంబరు 22

కుమార్ ఫోన్. "రేగడి పోసినవా? నీళ్ళు గూడ పెట్టినవా?" రెండు ప్రశ్నలు. తర్వాత "రేగడి తడిస్తె ఉబ్బుతది బావ, ఆరితె కుంగుతది. గది దిగుడు కాదు" అన్నాడు. మేస్త్రీ గచ్చు వేస్తున్న చప్పుడులో సరిగా వినబడలేదు.

వినబడింది. అయినా ఇప్పుడు ఏం చేయాలి. ఎల్లుండే సోమవారం.

నవంబరు 24, సోమవారం

కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగిలింది. శుభం. గచ్చు ఇంకా పచ్చిగా ఉందని చెక్కలు పరిచి మొదటి సాంచ నిలిపాం. మిగతావి నెమ్మదిగా బిగిస్తానన్నాడు ముత్యం.

డిసెంబరు 8

నాలుగూ తిరిగాయి.

ఏం రాయాలో తెలియడం లేదు. తూర్పు వైపు రెండు నావి, పడమటి గోడ వైపు రెండు బాలవి. నూలు కండె మార్చడం, తెగిన పోగు అతకడం ఆమెకు నేర్పాలనుకున్నాను. నేర్పాల్సిన పనే పడలేదు. పెళ్ళికి ముందు వాళ్ళ అవ్వతో సాంచాల కాడికి పోయేదట. ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇవాళ పైట నడుముకు చెక్కి రెండు సాంచాల మధ్య సందులో అటూ ఇటూ తిరుగుతుంటే, నా సాంచ మీద పోగు తెగింది కూడా చూసుకోలేదు.

చప్పుడు మీద అరిచి చెప్పింది: "ఇగ నా మెడ పైకి లేసింది సూడు."

డిసెంబరు 21

నేల పడమటి గోడ దగ్గర కొంచెం ఉబ్బినట్టుంది. ఉబ్బితే మంచిదే. కుంగలేదు కదా.

జనవరి 2

గచ్చు మీద వెంట్రుకలాంటి పగులు. సిమెంటు నాసిరకం. మేస్త్రీకి ఫోన్ చేసి తిట్టాను. వాడు తిరిగి తిట్టాడు.

జనవరి 7

బాల సాంచ మీద బట్ట అంచు వంకరగా వస్తోంది. నూలు మంచిది కాదని కొండల్‌తో అన్నాను. "గదే నూలు నలుగురికి ఇచ్చిన. నీ కాడనే వంకర వచ్చిందా?" అన్నాడు. ఆయన నూలును ఎప్పుడు తప్పన్నాడు కనుక.

జనవరి 11

బాల వైపు మూడో సాంచ నడుస్తోంది. తిరగడం కాదు, నడుస్తోంది. పొద్దున ఉన్న చోట సాయంత్రం లేదు. బోల్టులు సరిగా బిగించలేదని ముత్యాన్ని పిలిచి నాలుగు మాటలన్నాను. అతను సాంచ కాళ్ళ కింద వేలు పెట్టి చూశాడు. ఒక కాలు కింద వేలు దూరింది.

"బోల్టు కాదు అన్నా, నేల దిగుతుంది" అన్నాడు.

"ఆడలేని అమ్మ మద్దెల ఓడన్నదంట" అన్నాను.

ఇంట్లో బాలలక్ష్మి అన్నం వడ్డిస్తూ అంది: "గా సామెత ముత్యానికి కాదు, నీకే వర్తిస్తది." అన్నం సహించలేదు. సగంలో లేచాను.

కాలు కింద చెక్కముక్క పెట్టాను. సరిపోయింది.

జనవరి 13

ఇంకో చెక్కముక్క.

జనవరి 15

రెండు చెక్కముక్కలు, ఒక రబ్బరు ముక్క. ఈ మూఢం పోయేదాకా ఆగితే చాలు. కదిలించకుండా ఆగితే చాలు. తర్వాత చూద్దాం.

బాల ఇవాళ రెండుసార్లు అంది, "మూడోది ఆపుదాం" అని. ఆపితే ఆసామికి బట్ట తక్కువ పడుతుంది. మీటరు తక్కువైతే ఆయన మాట మీటరు ఎక్కువవుతుంది. ఆపొద్దన్నాను.

జనవరి 19



మూడో సాంచ ఒక పక్కకు ఒరిగి ఉంది. నాడె దాని దారి తప్పి ఎగిరింది. పోగును అటూ ఇటూ మోసే, రెండు కొసలకూ ఇనుప మొనలుండే కర్ర నాడె. బాల నాలుగో సాంచ దగ్గర పోగు అతుకుతూ వంగింది. నాడె పక్క నుంచి వచ్చి ఆమె ముఖం మీద తగిలింది. అరవలేదు. కూర్చుండిపోయింది. నేను తూర్పు వైపున ఉన్నాను, చప్పుడులో తెలియలేదు. ఆమె సాంచాలు రెండూ బట్ట నేయకుండా ఊరికే ఆడుతున్నాయని చూసి తిరిగాను. ముఖం కప్పుకున్న ఆమె వేళ్ళ సందుల్లోంచి రక్తం.

జనవరి 20

కరీంనగర్ కంటి ఆస్పత్రి. కంటి కింది ఎముక మీద తగిలింది. కుట్లు పడ్డాయి. కన్ను పోలేదని డాక్టరమ్మ చెప్పింది. ఒక వేలెడు పైకి తగిలి ఉంటే, అంది. చూపు కొన్నాళ్ళు మసకగా ఉంటుందట.

ఆటోలో తిరిగి వస్తుంటే బాల నా వైపు కూర్చోలేదు.

జనవరి 22

ముత్యం మీద కేసు పెట్టాలని ఉంది. మేస్త్రీ మీద. రాకేశ్ మీద. ఆ పంతులు మీద.

జనవరి 23

సాంచాలు ఆపాను. కొండల్ మిగిలిన భీములు ఎత్తించుకుపోయాడు. పోతూ పోతూ "నీ సోకు తీరిందా?" అనలేదు. అంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనేవాడిని. "బాలవ్వ ఎట్లున్నది?" అని అడిగాడు.

జనవరి 25, ఆదివారం

ఇవాళ మాట్లాడింది. కట్టు కట్టిన కన్ను అటు తిప్పుకుని, గోడతో అన్నట్టు అంది.

"నేను ఒక్క మాట అడుగుత. మూడోది ఆపుదామంటె ఎందుకు ఆపలే?"

ఆసామి బట్ట అన్నాను. మూఢం అన్నాను. కదిలిస్తే అరిష్టం అన్నాను.

"అరిష్టం నా మొకం మీద ఉన్నది. ఇంకేం అయితదని ఫికర్ నీకు?"

నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బయటికెళ్ళి షెడ్డు తాళం తీసి లోపల నిలబడ్డాను. పడమటి వైపు గచ్చు పళ్ళెంలా దిగి ఉంది. దాని మీదే ఇన్నాళ్ళు ఆమెను నిలబెట్టాను. తూర్పున మొరం ఎక్కువ పడింది, రేగడి పడమటికి పోయింది. నా రెండు సాంచాలు గట్టి చోట ఉన్నాయి. కావాలని చేయలేదు. ట్రాక్టరు ఎటు వచ్చిందో అటు పోసింది. అయినా ఈ మాట రాయకుండా ఉండలేను.

జనవరి 27

పంతులుకు చెప్పాను, సాంచాలు విప్పేస్తున్నానని.

"మూఢంలనా?" అన్నాడు.

"మూఢంలనే."

"నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటల్లో ఎంత శాపం పెట్టొచ్చో అంతా పెట్టాడు. పట్టించుకోలేదు.

జనవరి 28

విప్పాం. ముత్యానికి టీ పోసి ఇచ్చాను. తాగాడు. దాన్ని క్షమాపణ అనుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఫిబ్రవరి 2

గచ్చు పగలగొడుతున్నాం. పగటిపూట కొండల్ షెడ్డులో కూలి, పొద్దు గూకకముందు రెండు గంటలు ఇక్కడ. మళ్ళీ పరాయి సాంచాలు. పాత జాగా, పాత స్టూలు. తోటివాళ్ళు ఏమీ అడగరు, అదే పెద్ద బాధ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తొక్కింది నేనే, కడిగేదీ నేనే.

కుమార్‌కు ఫోన్ చేశాను. పని ఆదిలాబాద్ పక్కకు మారిందట, రోలర్ కూడా అక్కడికే పోయింది. అప్పుడు ఇంటి ముందుకొస్తానన్నది, ఇప్పుడు పెన్‌గంగ ఒడ్డున ఉంది. తిడతాడనుకున్నాను. "దిమ్మిసతోని కొట్టుకోవాలె బావ. ఐతది. జర టైం పడ్తది" అన్నాడు.

ఫిబ్రవరి 5

పైన పొడి. గడ్డపార దింపితే లోపల ఇంకా చల్లగా, సంకటిలా అంటుకుంటోంది. నేను పెట్టిన నీళ్ళే. రెండున్నర నెలలుగా అక్కడే కూర్చున్నాయి. రేగడి మొత్తం తీసేయాలి. పోసినప్పుడు ఒక్క పూట పట్టింది. తీయడానికి నడుము పడిపోతోంది. ట్రాక్టరు లోపలికి రాదు, షటర్ బిగించేశాం కదా. తట్టలతో మోయాలి. ఇద్దరు కూలీలను కూడా పెట్టాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

కుమార్ ఆదిలాబాద్ నుంచి బస్సెక్కి వచ్చాడు. అక్క ముఖం చూసి చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత లుంగీ కట్టుకుని గుంతలోకి దిగాడు. ఉపన్యాసం లేదు. మొరం గుప్పిట్లో పిసికి, ఉండ చేసి కింద పడేసి చూపించాడు. నీళ్ళు ఎక్కువైతే ముద్దలా చతికిలపడుతుంది. తక్కువైతే పొడిపొడిగా రాలుతుంది. నాలుగైదు ముక్కలుగా విరిగితే అది సరైన తడి.

జానెడు పరిచాం. ఇద్దరం దిమ్మిస పట్టాం. ఇనుప అడుగున్న బరువు కర్రను ఎత్తడం, వదలడం. మొదట మెత్తగా "దబ్ దబ్" అంటుంది. కొట్టగా కొట్టగా గొంతు మారుతుంది, రాయి మీద కొట్టినట్టు వినబడుతుంది. "గప్పుడు గడ్డపార పెట్టి సూడు. దిగకపోతె పైపొర పొయ్యి. దిగితె మల్ల కొట్టు" అన్నాడు.

రోజంతా కొడితే ఒక్క పొర. ఒక మూల ఇంకా దిగుతోంది.

ఫిబ్రవరి 12

చేతులు బొబ్బలు. ఇవాళ ఎవరితోనూ మాట్లాడను.

ఫిబ్రవరి 14

పడమటి మూల మళ్ళీ దిగింది. రెండు పొరలు తిరిగి తీశాను. గోడను తన్నాను. కాలికి దెబ్బ. గోడ గట్టిగానే ఉంది.

బాలకు కుట్లు తీసి రెండు వారాలైంది. మచ్చ ఉంటుంది. చూపు వస్తోంది. బీడీలు చుడుతోంది. చుట్టొద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పను.

ఫిబ్రవరి 18

మూఢం పోయింది. ఊరంతా మళ్ళీ మంచి రోజు మీద పడింది. పంతులే కబురు పంపాడు, "వచ్చే సోమవారం దివ్యంగున్నది, సాంచాలు నిలుపుకో" అని. నేల పైదాకా రాలేదన్నాను. "పైన గచ్చు పోస్తె ఏమైతది?" అన్నాడు. నేను నవంబరులో మాట్లాడిన భాష ఆయన నోట్లో వింటే ఒళ్ళు మండింది. పనైనంక నేనే వచ్చి అడుగుతానన్నాను. అప్పుడు మంచి రోజు లేకపోతే, అన్నాడు. లేకపోతే మామూలు రోజున పెట్టుకుంటాను.

ఫిబ్రవరి 24

పొర. నీళ్ళు. దిమ్మిస. గడ్డపార.

ఫిబ్రవరి 25

అదే.

మార్చి 1

పని చేస్తుంటే బాల షటర్ దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. ఎంతసేపు చూసిందో తెలియదు, నేను తల ఎత్తేసరికి పోతోంది. పిలవాలనిపించింది. పిలిస్తే రాదేమోనని పిలవలేదు.

మార్చి 10

గచ్చు వేసి వారం దాటింది. ఈసారి పూర్తిగా గట్టిపడేదాకా రోజూ తడిపాను. ముత్యం నీటిగొట్టం పెట్టి మూలమూలా మట్టం చూశాడు. అన్ని చోట్లా నీళ్ళు ఒకే గీత మీద నిలిచాయి. "ఇప్పుడు ఏనుగును నిలబెట్టు" అన్నాడు. చాలా రోజులకు మేమిద్దరం నవ్వాం.

సాంచాలు బిగించాం. ఏ రోజని చూడలేదు. మంగళవారం.

మార్చి 13

కొండల్ రెండు సాంచాలకు సరిపడా భీములు మాత్రమే ఇచ్చాడు. "సూద్దాం" అన్నాడు. అనడంలో తప్పు లేదు. వాటిని తూర్పు వైపు నా సాంచాలకే ఎక్కించబోయి ఆగాను. పడమటి వైపు ఎక్కించాను. మూడోదానికి, నాలుగోదానికి.

ఇంటికొచ్చి బాలకు చెప్పాను. నేనే నడిపించుకుంటానులే, నువ్వు బయటి నుంచి చూడు అన్నాను. బీడీ చాట ముందుకు లాక్కుంది.

మార్చి 14

పొద్దున్నే షెడ్డుకు వచ్చింది. నాకంటే ముందే. షటర్ తాళం తీయమని చెయ్యి చాపింది.

లోపలికి నడిచింది. నేరుగా ఆ సందులోకి, మూడోదానికీ నాలుగోదానికీ మధ్య, తను కూర్చుండిపోయిన చోటికి. కాలితో నేలను తొక్కి చూడలేదు. వంగి చూడలేదు. కుమార్ ఏమన్నాడు, ముత్యం ఏమన్నాడు అని అడగలేదు. నా వైపు తిరిగింది.

"ఇటు రా. ఈడ నిలవడు."

నిలబడ్డాను.

"జర ముందుకు."

ఆమె ఆ రోజు ఎక్కడ వంగి పోగు అతికిందో సరిగ్గా అక్కడికి జరిపింది. తర్వాత మూడో సాంచ అవతలికి వెళ్ళి, మోటారు వేసి, పిడి లాగింది.

సాంచ అందుకుంది. నా పక్కటెముకలకు జానెడు దూరంలో నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. వచ్చిన ప్రతిసారీ నా ముఖం దానంతట అదే పక్కకు తిరిగింది. ఎన్నో ఏళ్ళుగా సాంచాల మధ్య బతికినవాడిని, ఇంత భయం ఎప్పుడూ పడలేదు. ఆపమని చెప్పొచ్చు. ఆమె ఆపుదామన్నప్పుడు నేనేమన్నానో గుర్తొచ్చి నోరు తెరవలేదు. అరికాళ్ళ కింద నేల కదులుతుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాను. కదల్లేదు.

ఆమె నన్ను చూడలేదు. బట్ట అంచునే చూస్తోంది. కండె అయిపోయేదాకా ఆపలేదు.

ఆగాక చీర కొంగుతో కంటి కింది మచ్చ మీది చెమట తుడుచుకుంది. సందులోకి వచ్చి భుజంతో నన్ను అవతలికి తోసింది.

"ఇగ పో. గీ రెండు నావి. నీవాటికి భీములు తెచ్చుకోపో."

కొండల్ ఇంటికి నడుస్తున్నంతసేపు వెనక నుంచి రెండు సాంచాల చప్పుడు వినబడుతూనే ఉంది.